పాతది ఇస్తేనే కొత్తది

కంప్యూటరు ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు నన్ను అప్పుడప్పుడూ అడుగుతుంటారు, "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అని. చలిగా ఉండేది. ఒక్క మాటలో చెప్పమంటే అంతకుమించి చెప్పలేను.

యాభై రెండో ఏట స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ప్రమోషను ఎప్పుడొచ్చింది, ఏ సర్క్యులరు ఏ నెంబరుతో వచ్చింది అన్నవి ఇక్కడ రాయను. వాటికి ఫైళ్లున్నాయి, ఆ ఫైళ్లకి చెదలున్నాయి. నేను రాసేది డెబ్బైల్లో తిరువూరులో చేసిన ఒకే ఒక్క పని గురించి. ఒక ముసలి కంప్యూటరుకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం. ఇవాళ మీరు ఆ పని టీ తాగుతూ చేసేస్తారు. నేను చేసిన దానికి ఒక మనిషి తోట ఎండిపోయింది. ప్రతిదీ నాలుగింతలు పెంచి చెబుతానని మా ఆవిడ నన్ను ఆడిపోసుకుంటుంది. నిజమే, పెంచుతాను. తోట సంగతి మాత్రం పెంచలేదు.

రెండు బీరువాలు, ఒక రిబ్బను

బస్టాండుకి ఫర్లాంగు దూరంలో, బియ్యం మిల్లు పక్కన పెంకుటింట్లో ఉండేది మా ఆఫీసు. భూగర్భ జలాల సర్వే పథకం. మెట్ట ఊళ్లలో ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో లెక్కగట్టి చెప్పాలి. ఆ లెక్కలకి హైదరాబాదు కాలేజీ ఒకటి పదేళ్లు వాడి, ఇంక చాలనుకున్న కంప్యూటరుని మాకు పంపారు. రెండు ఇనప బీరువాలు పక్కపక్కన నిలబెడితే ఎంతో అంత. లారీలోంచి దింపడానికి పదహారు మంది పట్టారు. (నిజానికి నలుగురే. మిగతా పన్నెండు మందీ చూడ్డానికొచ్చి చెయ్యేశారు.)

దానికోసం ఒక గదికి ఏసీ పెట్టారు. ఊళ్లో అదే మొదటి ఏసీ అని మా ఆఫీసరు గారు అనేవారు. ఏప్రిల్లో బయట కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చుంటే, లోపల నేను మఫ్లరు కట్టుకుని కూర్చునేవాణ్ణి. ఊళ్లోవాళ్లు చాలామంది నన్ను ఏసీ మెకానిక్ అనుకున్నారు. ఒకాయన ఇంట్లో ఫ్యాను రిపేరుకి పిలిచాడు. వెళ్లాను కూడా. ఎందుకు వెళ్లానో తరవాత చెబుతాను.

ఈ యంత్రానికి తెలిసినదంతా కాగితం రిబ్బను మీద ఉండేది. అంగుళం వెడల్పు రిబ్బను, దాని మీద వరసగా చిల్లులు. ఒక్కో వరస ఒక్కో అక్షరం. టేపు అనేవాళ్లం. రీడరు అనే చిన్న పెట్టెలో దాన్ని దూరిస్తే సెకనుకి పది అక్షరాలు చదివేది. బెత్తం చూపిస్తే రెండో తరగతి పిల్లవాడు అంతకన్నా తొందరగా చదువుతాడు. ఒక ఊరి బావుల వివరాలు చదివించడం మొదలుపెడితే, అది ముగించేలోపు బయట మామిడి పూత పూసి, పిందె వేసి, కాయ కోసి, ఊరగాయ పెట్టి జాడీ మూత కట్టేసేవాళ్లు.

పొద్దున్నే స్విచ్చి వెయ్యగానే యంత్రానికి ఏమీ తెలియదు. తను యంత్రమన్న సంగతే తెలియదు. ముందు ఆపరేటింగ్ సిస్టమ్ టేపు చదివించాలి. దాన్ని అప్పట్లో మానిటరు అనేవాళ్లం. గంటా పది నిమిషాలు టకటకటకటక. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటి నుంచి. ఒక వేసవిలో అయితే పదకొండు రోజులు అది నిద్రే లేవలేదు. (సరే, మూడు రోజులు.)

టేపుల మీద చిల్లులు కొట్టేది సువార్తమ్మ గారు. ఊళ్లో టైపు ఇనిస్టిట్యూటులో పదిహేనేళ్లు పిల్లలకి నేర్పి మా దగ్గర చేరారావిడ. కళ్లు మూసుకుని టేపుని వేళ్ల మధ్య నుంచి లాగుతూ, "ఇది గంపలగూడెం, ఇరవై రెండో బావి, లోతు ముప్పై ఆరడుగులు" అని చదివేవారు. యంత్రం కంటే ఆవిడే వేగం. ఆ మాట అంటే ఒప్పుకునేవారు కాదు. "దానికి జీతం లేదు కదా బాబూ, ఎందుకు పరిగెడుతుంది?" అనేవారు.

ఉత్తరాలు

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మీ పని అర్థమయ్యే మనిషి మీ చుట్టుపక్కల ఉండకపోవచ్చు. నాకు బెజవాడ దాకా లేడు. బెజవాడలో ఉన్నాడో లేడో తెలియదు. మెస్సులో భోంచేస్తూ, "ఇవాళ రీడరులో దుమ్ము పడి చిల్లు కనబడలేదండీ" అంటే, పక్కనున్న బట్టలకొట్టు గుమాస్తా పాపం మజ్జిగ నా వైపు జరిపేవాడు. బాగున్న రోజు బాగుందని చెప్పడానికీ మనిషి లేడు. ఫ్యాను రిపేరుకి ఎందుకెళ్లానంటే, వాళ్లింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మాట్లాడతారని. ఫ్యాను అలాగే ఉండిపోయింది. కాఫీ బాగుంది.

నాకున్న ఒక్క దిక్కు హైదరాబాదు కాలేజీలో ఆ యంత్రాన్ని చూసుకున్న ఇంజనీరు గారు. ఆయన్ని ఒక్కసారే చూశాను, ట్రైనింగులో పది రోజులు. తరవాత ఉత్తరాలే. సందేహం వస్తే రాసేవాణ్ణి, పది పదిహేను రోజులకి ఇంగ్లీషు చేతిరాతలో రెండు పేజీల జవాబు వచ్చేది. కొన్నాళ్లకి సందేహాలు అయిపోయాయి. ఉత్తరాలు మాత్రం ఆపబుద్ధి కాలేదు. తెలిసిన వాటినే తెలియనట్టు అడగడం మొదలుపెట్టాను. అవీ అయిపోయాక, "మన మానిటరు చాలా నెమ్మదిగా ఉందండీ, కొత్తదేమైనా ఉందా?" అని రాశాను. ఉందన్నారు. రెండో రకం మానిటరు, టేపులు మూడింతలు వేగంగా చదువుతుందట. "వీలు చూసుకుని నేనే తీసుకొచ్చి ఎక్కిస్తాను, మీ ఊరు చూసినట్టూ ఉంటుంది" అని రాశారు.

ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో చెబితే మళ్లీ పెంచానంటారు.

నిజం చెప్పాలంటే మాకు కొత్త మానిటరు అవసరం లేదు. పాతది నెమ్మదే గానీ, కరెంటు ఉంటే పని ఆగింది ఎప్పుడూ లేదు. నాకు కావలసింది ఒక రోజంతా ఆ గదిలో నా పక్కన కూర్చుని, రీడరు టకటక వింటూ, "ఈ చప్పుడు తేడాగా ఉంది చూడండి" అంటే "అవునండీ" అనే మనిషి. ఆయన కోసం కొత్త చాప కొన్నాను. రెండో గ్లాసు కొన్నాను.

కోటయ్య తాడు

వినగడప నుంచి కోటయ్య అని ఒక రైతు మా ఆఫీసుకి ప్రతి మంగళవారం వచ్చేవాడు. యాభై ఏళ్లుంటాయి. మూడెకరాల చెలక, ఒక దిగుడు బావి, రెండేళ్ల కిందట వేసిన మామిడి అంట్లు రెండు వందలు. ఆయన బావి మా లెక్కలో పరిశీలన బావి. అంటే వారం వారం నీటి మట్టం కొలిచి మాకు చెప్పాలి. కోటయ్యకి చదువు రాదు. మూరకో ముడి వేసిన తాడు బావిలోకి వదిలి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఎర్రగుడ్డ పీలిక కట్టి, ఆ తాడు మొత్తం భుజాన వేసుకుని బస్సెక్కి వచ్చేసేవాడు. సువార్తమ్మ గారు ముళ్లు లెక్కపెట్టి టేపు మీద కొట్టేవారు. రెండేళ్లలో ఒక్క వారం తప్పలేదు.

"పీలిక కిందికి పోతావుంది కోటయ్యా," అనేవారావిడ.

"పోతావుందమ్మా. మీ మిషనుకి చెప్పండి కాస్త."

"చెప్పానయ్యా. వింటుంది కానీ మాట్లాడదు."

"మా ఆవిడా అంతేనమ్మా," అనేవాడు. ఏసీ గది గుమ్మంలో ఒక నిమిషం నిలబడి, చల్లగాలి మొహానికి తగిలించుకుని, "పోయొస్తానండీ" అని వెళ్లేవాడు.

ఆ ఏడు ఏప్రిల్లో కోటయ్య బావిలో నీళ్లు అడుగంటాయి. ఎర్ర పీలిక తాడు చివరకి వచ్చేసింది. అదృష్టం ఏమిటంటే, బోర్లు వేసే రిగ్గు పది రోజులపాటు మా పదకొండు ఊళ్లకి వస్తోందని కబురొచ్చింది. ఆ తరవాత వేరే జిల్లాకి వెళితే మళ్లీ వచ్చే వేసవికే. పైనుంచి ఆర్డరు కూడా వచ్చింది: కంప్యూటరు చీటీ మీద ముద్రించిన చోట తప్ప రిగ్గు దించకూడదు. రిగ్గు బుధవారం వస్తుంది. కోటయ్య చీటీ కూడా ఆ చీటీల్లో ఒకటి.

"బాబూ, జూన్ దాకా అంట్లు ఆగవు. ఈసారి పడాల్సిందేనండి," అన్నాడు నాతో.

"పడుతుంది కోటయ్య గారూ. రెండేళ్ల లెక్క మా దగ్గరుంది," అన్నాను. ఉంది కూడా.

స్టోరు రూలు

శుక్రవారం బస్సు కండక్టరు ఆఫీసు గుమ్మంలో నిలబడి కేకేశాడు. "కంప్యూటరు గారూ, హైదరాబాదు నుంచి మీకు డబ్బా వచ్చిందండీ."

బయటికి పరిగెత్తాను. "ఆయనేరి?"

"ఎవరండి?"

"డబ్బాతో వచ్చినాయన."

"డబ్బా ఒక్కటే వచ్చిందండి. దానికీ టికెట్టు కొట్టాను," అన్నాడు నవ్వుతూ.

రేకు డబ్బాలో మూడు టేపు చుట్టలు, ఒక చిన్న పుస్తకం, ఒక చీటీ. "మూడు రోల్స్ పంపడమైనది. అందినట్టు తెలుపగలరు." అంతే. చేతిరాత ఆయనది కాదు. ఆయన తీరిక లేక ఎవరిచేతో రాయించి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను.

డబ్బా ముందు స్టోరుకి వెళ్లాలి. మా స్టోర్ కీపరు భద్రయ్య గారు. గవర్నమెంటు స్టోర్లలో ఒక ఆచారం ఉంది, అందులో పనిచేసినవాళ్లకి తెలుస్తుంది. మాడిపోయిన బల్బు ఇస్తేనే కొత్త బల్బు. అరిగిన టైరు ఇస్తేనే కొత్త టైరు. చీపురు కట్ట కావాలంటే పాత పుల్లలు లెక్కగా తేవాలి. భద్రయ్య గారు ఈ రూలుని సంధ్యావందనంలా పాటించేవారు. ఒకసారి మా ఆఫీసరు గారి పెన్ను పోతే, పోయిన పెన్ను తెస్తే కొత్తది ఇస్తానన్నారు.

"పాత మానిటరు తెచ్చారా?" అన్నారు.

"అది ఎందుకండీ, అది పనిచేస్తోంది."

"పనిచేస్తుంటే కొత్తది ఎందుకండీ కంప్యూటరు గారూ?"

ఈ ప్రశ్నకి నా దగ్గర నిజమైన జవాబు ఒకటే ఉంది. అది స్టోర్ కీపరుకి చెప్పేది కాదు.

రెండు రోజులు ఆగమని నన్ను నేను ఆపుకోవలసింది. కొత్తది ఎక్కించి చూసేదాకా అరువుగా ఇప్పించండని ఆఫీసరు గారి చేత ఒక ముక్క రాయించుకోవలసింది. కానీ నాలో ఒక కోపం ఉంది. ఆయన రాలేదు. రాకపోతేనేమి, ఆయన లేకుండానే ఎక్కించి, సోమవారానికల్లా పదకొండు ఊళ్ల చీటీలు మూడింతల వేగంతో ముద్రించి, ఆ సంగతి ఆయనకి ఉత్తరం రాస్తాను. ఆ ఉత్తరంలో మొదటి వాక్యం కూడా అప్పటికే అనేసుకున్నాను. శనివారం పొద్దున పాత టేపు తీసుకెళ్లి భద్రయ్య గారి బల్ల మీద పెట్టి, సంతకం చేసి, కొత్తది తెచ్చుకున్నాను.

ఆదివారం

ఆదివారం పొద్దున మోటార్లకి కరెంటు ఇవ్వరు కాబట్టి ఊళ్లో వోల్టేజీ బాగుంటుంది. ఎనిమిదింటికి మొదలుపెట్టాను. ఆఫీసులో ఎవరూ లేరు. సువార్తమ్మ గారు చర్చికి వెళ్లారు. అక్కడి మైకులోంచి ఆవిడ గొంతు గాల్లో అప్పుడప్పుడూ వినబడుతోంది. మొదటి చుట్ట, రెండో చుట్ట, మూడో చుట్ట. ఒక్కొక్కటి యాభై నిమిషాలకి పైనే. చాప పరిచి కూర్చున్నాను. ఏదో ధ్యాసలో రెండు గ్లాసుల్లోనూ కాఫీ పోశాను. తరవాత రెండూ నేనే తాగాను.

పదకొండు కావస్తుండగా కొత్త మానిటరు లేచి, కంప్యూటరుకి తగిలించిన టైపు మిషను మీద "రెడీ" అని కొట్టింది. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ గదిలో చప్పట్లు ఎలా వినబడ్డాయంటే, మళ్లీ కొట్టలేదు.

అప్పుడు మొదటి ఊరి టేపు పెట్టాను. నాలుగు వరసలు చదివి గంట మోగించి ఆగింది. మళ్లీ పెట్టాను. మళ్లీ గంట. రెండో ఊరు, గంట. పదకొండు ఊళ్లకీ పదకొండు గంటలు. చర్చిలో కూడా అన్ని కొట్టలేదు.

చిన్న పుస్తకం తీసి ఆఖరి పేజీ నుంచి చదివాను. మొదటే చదవాలి దాన్ని. కొత్త మానిటరు ప్రతి వరసలోనూ ఒక చిల్లు అదనంగా అడుగుతుందట, తప్పులు పట్టుకోడానికి. పాత టేపుల్ని ఆ పద్ధతికి మార్చే ప్రోగ్రాము మూడో చుట్ట చివర ఉంది. కింద ఒక వాక్యం: ఆ ప్రోగ్రాముని పాత మానిటరు కింద నడపవలెను.

ఎర్రటి ఎండలో భద్రయ్య గారింటికి వెళ్లాను. అన్నం తింటున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి విని, ఎంతో ఆప్యాయంగా చెప్పారు: "మీకు ఆ బెంగే వద్దండి. నిన్న సాయంత్రమే రద్దు చేసేశాను."

"రద్దంటే?"

"అప్పజెప్పిన వస్తువు మళ్లీ బయటికి పోకూడదు కదండీ. బల్బయితే పగలగొడతాం. టైరయితే కోస్తాం. ఇది చుట్ట కదా, రేకులు కోసే కత్తెరతో మధ్యకి కోశాను. భలే గట్టిదండీ, రెండు చేతులూ నొప్పి."

చుట్టని ఒక్కచోట కోస్తే ఎన్ని పొరలుంటే అన్ని ముక్కలవుతుంది. స్టోరు తెరిపించి చూస్తే గోనెసంచిలో మూడు వందల ముక్కలున్నాయి. ఇది పెంచి చెప్పడం కాదు, తరవాత సువార్తమ్మ గారు లెక్కపెట్టారు.

భద్రయ్య గారిని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. ఆయన తన రూలు ప్రకారం నడిచారు. నా వృత్తికి ఉండవలసిన రూలు నాకు లేదు. అదే తేడా.

వరస ప్రకారం

సోమవారం హైదరాబాదుకి ట్రంకాల్ చేశాను. రెండు గంటలు ఆగితే లైను దొరికింది. ఇంజనీరు గారిని పిలవమన్నాను.

"ఆయన ఇక్కడ మానేసి నెల దాటిందండీ. బొంబాయి వెళ్లిపోయారు," అంది అవతలి గొంతు.

"అడ్రసు?"

"ఇవ్వలేదండీ."

పాత మానిటరు ఇంకో కాపీ చిల్లులు కొట్టి పంపాలంటే మూడు వారాలన్నారు. ఫోను పెట్టేశాక పోస్టాఫీసులోంచి బయటికి రావడానికి నాకు కాసేపు పట్టింది.

ముక్కలు జిగురుతో అతికించి చూశాం. నాలుగో అతుకు దగ్గర రీడరు నోరు మూసుకుపోయింది. ఇక మిగిలింది ఒకటే దారి. రెండేళ్లుగా రిజిస్టర్లలో రాసిన బావుల లెక్కలన్నీ కొత్త చిల్లుతో మళ్లీ కొట్టడం. సువార్తమ్మ గారు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు. రోజుకి ఒక ఊరు కంటే కాదు. రిగ్గు ఒక్కో ఊరు చేసుకుంటూ పోతుంటే, మేం దాని వెనక టేపులు కొట్టుకుంటూ పరిగెత్తడం.

"ముందు వినగడప కొడదామా బాబూ?" అన్నారావిడ. "పాపం ఆ కోటయ్య అంట్లు…"

రిజిస్టర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. వినగడప ఆఖరు. నేను ఏమన్నానంటే, "వద్దండీ, వరస ప్రకారమే. మిషను వరస అడుగుతుంది."

మిషను వరస అడగదు. ఒక్క అంకె మారిస్తే ఏ ఊరైనా ముందు చదువుతుంది. ఆ మార్పు నాకు తెలుసు. కానీ అప్పటికే ఒకటి మార్చి చేతులు కాల్చుకున్నాను, ఇంకొకటి ముట్టుకోవాలంటే భయమేసింది. భయమని చెప్పడానికి నామోషీ. అందుకని మిషను మీదికి నెట్టాను. మన వృత్తిలో ఇది చాలా సులువు. మీరూ చేస్తారు. మిషను ఎదురు చెప్పదు.

పది రోజులయ్యేసరికి పది ఊళ్ల చీటీలు రిగ్గుకి అందాయి. పదకొండోది అందలేదు. రిగ్గు వెళ్లిపోయింది.

మా ఆఫీసరు రంగనాయకులు గారు మంచి జియాలజిస్టు. చేతిలో సుత్తితో బండ మీద ఒక్కటి కొట్టి, చప్పుడు విని కింద ఏముందో చెప్పగలరు. వినగడపలో ఎక్కడ నీళ్లుంటాయో ఆయన కాళ్లకి తెలుసు. కానీ చీటీ లేకుండా ఆ మాట కాగితం మీద పెట్టమంటే చెయ్యి రాదు. చీటీ ముద్రించలేదని పైకి రాయడానికీ చెయ్యి రాదు. నన్ను పిలిచి తలుపు వేయమన్నారు.

"ఏమయ్యా, ఆ వినగడప ఆయనకి నువ్వెళ్లి చెప్పు. మీ పొలంలో నీళ్లు లేవని మిషను తేల్చిందని."

"తేల్చలేదు కదండీ."

"తేల్చిందంటే ఊరుకుంటాడు. మనం చెడగొట్టుకున్నాం అంటే ఊళ్లోవాళ్లంతా వచ్చి కూర్చుంటారు. మిషను మాటకి ఎదురెవరు చెబుతారయ్యా?"

వినగడపలో

గంపలగూడెం బస్సులో దారి పొడుగునా ఆ వాక్యం వల్లించుకుంటూ వెళ్లాను. "నీళ్లు లేవని తేలిందండీ." ఇరవైసార్లు అంటే నిజంలాగే ఉంది.

కోటయ్య తోటలో ఉన్నాడు. అంట్ల ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. మొదళ్లలో ఎండుగడ్డి కప్పాడు. నన్ను చూసి నీడలో గోనెపట్టా వేశాడు.

"మా ఊరి చీటీ తెచ్చారాండీ?"

నోరు తెరిచాను. వల్లించిన వాక్యం రాలేదు. వచ్చింది వేరేది. కొత్త మానిటరు, పాత మానిటరు, చిల్లు, భద్రయ్య గారి కత్తెర, పదకొండు గంటలు, అక్షరక్రమం, అన్నీ చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయాను. ఆ ఇంజనీరు గారు వస్తారని నేను ఎందుకు ఎదురుచూశానో కూడా చెప్పాను. నా పని గురించి అంతసేపు ఒక మనిషితో మాట్లాడటం తిరువూరు వచ్చాక అదే మొదలు. ఆ మనిషికి నేను చేసిన అన్యాయం గురించి చెబుతూ, లోపలెక్కడో హాయిగా ఉన్నందుకు నాకు సిగ్గేసింది.

కోటయ్య మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. అంతా అయ్యాక గడ్డిపరక నమిలి ఊసి అన్నాడు: "కొత్తది పనిచేస్తుందో లేదో చూడకుండానే పాతది ఇచ్చేశారాండీ?"

"ఇచ్చేశానండీ."

"ఎద్దునైనా దున్నించి చూశాకే కదండీ, పాతదాని పగ్గం వదిలేది."

తరవాత నేను ఇరవై ఏడేళ్లు ఉద్యోగం చేశాను. పెద్ద పెద్ద ఊళ్లలో, బీరువా కాస్తా సూట్‌కేసంత అయిన యంత్రాల మీద. బోలెడు పుస్తకాలు చదివాను. కొత్తగా చేరేవాళ్లకి చెప్పవలసింది ఆ రెండు మాటల్లోనే ఉంది, ఇంతకంటే బాగా నాకు చెప్పడం రాదు.

"మరి నీళ్లు ఉన్నాయాండీ, లేవాండీ?" అన్నాడు.

"తెలియదండీ. లేవని మాత్రం ఎవరూ తేల్చలేదు. వచ్చే ఏడు రిగ్గు వస్తుంది. మొదటి చీటీ మీ ఊరిదే అవుతుంది."

"ఏడాదా," అన్నాడు. తోట వైపు చూశాడు. నేను లేచి నిలబడితే బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. ఆ తరవాత మంగళవారాలు ఆయన రాలేదు. బావిలో కొలవడానికి ఏమీ లేదు.

సువార్తమ్మ గారు వినగడప టేపు మర్నాడే కొట్టేశారు. చీటీ ముద్రించి బీరువాలో పెట్టాను. ఆ ఏడాదంతా బీరువా తెరిచినప్పుడల్లా అది కనబడేది. ఉత్తరాలు రాయడానికి ఎవరూ లేరు. గదిలో ఏసీ, నేను.

రిగ్గు

మరుసటి వేసవిలో రిగ్గు వచ్చింది. రంగనాయకులు గారిని బతిమాలి మొదటి మకాం వినగడపకి పెట్టించాను. చీటీ పట్టుకుని నేనే దానితో వెళ్లాను.

రెండు వందల అంట్లలో పదిహేడు బతికి ఉన్నాయి. మిగతావి పీకేసిన గుంటలు వరసగా ఉన్నాయి. ఆ పదిహేడింటినీ కోటయ్య ఎలా బతికించాడని వాళ్లావిడని అడిగాను. పక్క పొలం బావిలో ఊటకి దిగి, కావిడితో రెండేసి కుండలు మోశాడట ఏడాదంతా. "ఎండిపోయినాయని ఒప్పుకుంటే కదండీ. నీళ్లు లేవని ఎవరూ తేల్చలేదంటాడు," అంది.

చీటీ ప్రకారం పాత బావికి తూర్పున నలభై గజాల దగ్గర మేకు కొట్టాం. మధ్యాహ్నం మూడింటికి నూట పది అడుగుల దగ్గర తడి మట్టి వచ్చింది. నూట ముప్పై దగ్గర నీళ్లు ఎగదన్నాయి. ఊరు ఊరంతా అరిచింది. పిల్లలు ఎర్ర నీళ్లలో దొర్లారు. రిగ్గు వాళ్లు కొబ్బరికాయ కొట్టారు. నేను ఒక పక్కన నిలబడ్డాను. ఆ సంబరంలో నాకేం పని ఉందో నాకు తెలియలేదు.

కోటయ్య ఒక చెంబుతో నీళ్లు పట్టి, మట్టి తేరుకునేదాకా ఆగి, తెచ్చి నాకిచ్చాడు. తాగాను. ఆయన తను తాగలేదు. మేకు కొట్టిన చోటు నుంచి పాత బావి దాకా, అక్కణ్ణుంచి పక్క పొలం దాకా చూపు సారించి చూస్తున్నాడు.

"బాబూ, నిరుడు మీ మిషను చెప్పుంటే ఎక్కడ చెప్పేదండీ?"

"ఇక్కడేనండీ."

"ఇక్కడే?"

"ఈ చీటీ నిరుడు ముద్రించిందేనండీ."

తల ఊపాడు. నా చేతిలోంచి చెంబు తీసుకుని, మిగిలిన నీళ్లు పారబోయబోయి ఆగి, దాన్ని అలాగే పట్టుకున్నాడు.

"నా కావిడి దారి ఇదేనండీ," అన్నాడు. "రోజూ దీని మీంచే నడిచాను."